ఆకుకూర: రంగు, సారము

ఆకుకూర కొనునప్పుడు మనమందరము ముందుగా రంగునే చూతుము. పాలకూర చిక్కని పచ్చదనముతో నిగనిగలాడిన చాలు, బలమంతయు దానిలోనే ఉన్నదనుకొందుము. ఆ నిగనిగలో యూరియా పాలెంత? బెజ్జంకి వంటి చోట వరికో పత్తికో తెచ్చిన బస్తాలో మిగిలిన పిడికెడు పెరటి మడిలో పడుట వింత కాదు. ఆ ఎరువు పుట్టు చోటును దూరము కాదు. 2016 వరకు బెజ్జంకియు రామగుండమును కరీంనగరు జిల్లాలోనే ఉండెడివి. 1999లో మూతపడిన అచ్చటి కర్మాగారమునకు బదులు కట్టిన కొత్తది 2021లో యూరియా తీయసాగినది.

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. అది అందిన ఆకులో ఏమి జరుగును? ఆకు ఎండ వెలుతురులో, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతోను నీటితోను చక్కెర చేసికొనును. అది దాని రాబడి. నత్రజని సమృద్ధిగా నున్నచో ఆ రాబడి చిగుళ్లకు, మాంసకృత్తులకు, పత్రహరితమునకు వ్యయమగును. కొరతగా నున్నచో ఎదుగుదల మందగించును గాని, చక్కెర తయారీ అంత త్వరగా తగ్గదు. మిగిలిన రాబడిలో కొంత ఫినాలులను పదార్థములకు పోవును. ఆకునకు వగరు నిచ్చునవి, పురుగులనుండి, తీక్ష్ణమైన ఎండనుండి కాపాడునవి ఇవే. మన దేహమునకును మేలు చేయునవని పేరుపడినవి. విచిత్రమేమనగా, మాంసకృత్తులకును ఈ ఫినాలులలో పెక్కింటికిని ఫినైల్ అలనిన్ అను ఒకే ముడిసరకు కావలెను. ఒకచోట ఖర్చు హెచ్చిన రెండవచోట తరుగు.

నత్రజని మితిమీరినప్పుడు కూరలలో ‘సి’ విటమిను తగ్గుట, కెరోటీను మాత్రము పెరుగుట పరిశోధనలలో పెక్కుసార్లు కనబడినవి. పొగాకులోని నికోటినులో నత్రజని యున్నది గనుక ఈ ఎరువుతో అదియు హెచ్చును. కావున యూరియా ఆకును చెడగొట్టునని ఒక్కమాటలో తేల్చుట పొరపాటు. పసుపెక్కిన ఆకలి మొక్కలోనే సారమున్నదనుటయు అంతే. పండించువారిని తప్పుపట్టుటకును వీలులేదు. వెలవెలబోయిన కట్టను మనము ముట్టము గదా!

అసలు జాగ్రత్తపడవలసినది కోత దగ్గరపడిన తరువాత చల్లెడు యూరియా విషయమున. నేలలో నైట్రేటుగా మారిన నత్రజనిని మొక్క పీల్చుకొని మాంసకృత్తులుగా మార్చుకొనవలెను. అందులకు వెలుతురు, వ్యవధి కావలెను. అవి చాలనిచో నైట్రేటు ఆకులోనే నిలువయగును. ఆరు నెలలలోపు పసిబిడ్డలకు అది మంచిది కాదు. అందుచేత మాగిన పెంటఎరువును విత్తుటకు ముందే మడిలో కలిపి, యూరియా వేసినను కొద్దిగా, లేతనాళ్లలోనే వేయుట మేలు. కోతకు ఉదయముకంటె సాయంకాలము మంచిది. పగటి వెలుతురులో నైట్రేటు కొంత ఖర్చయి యుండును. రేకులో కంటె కాడలో అది హెచ్చు. ఉడికించిన నీరు పారబోసిన నైట్రేటు కొంత పోవును గాని, దానితోపాటు ‘సి’ విటమినును పోవును.