దేహశ్రమ – పెద్దపేగు ఆరోగ్యం

హైదరాబాదుకు పడమట, మర్రిచెట్ల నీడలో సాగే బీజాపూర్ రహదారిపై మొయినాబాద్, చేవెళ్ల ఉన్నాయి. కూరగాయలకు, పూలతోటలకు పేరుపొందిన నేలలివి. జంట జలాశయాల రక్షణకై 1996లో వెలువడిన 111వ జీవో ఇక్కడి గ్రామాలలో నిర్మాణాలను నియంత్రించింది గాని నగర జీవనరీతిని ఆపలేకపోయింది. వేకువనే నడుము వంచి కూరగాయలు కోసే రైతుల బిడ్డలు నేడు బస్సులో, తరగతిలో, ఫోను ముందు కూర్చునే పొద్దుపుచ్చుతున్నారు.

దేహశ్రమ పెద్దపేగు క్యాన్సరు ముప్పును తగ్గిస్తుందనడానికి తగిన ఆధారాలున్నాయని 2002లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. శ్రమించే కండరం రక్తంలోని చక్కెరను వినియోగించుకొంటుంది. అందుచేత ఇన్సులిన్ అధికంగా ఊరదు. అధిక ఇన్సులిన్ పేగు కణాల విభజనను ప్రేరేపించగలదు. అయితే పురీషనాళ క్యాన్సరు విషయంలో ఇంత బలమైన ఆధారం లేదు. అన్నవాహిక క్యాన్సరుకు పొగాకు, మద్యం ప్రధాన హేతువులు. గుట్కా నమిలేవానికి నడక ఒక్కటే రక్ష కాజాలదు.

చికిత్స పొందిన 889 మంది పెద్దపేగు క్యాన్సరు రోగులపై జరిపిన పరిశోధన 2025లో ప్రచురితమైంది. మూడేళ్లు క్రమబద్ధంగా వ్యాయామం చేయించిన వర్గంలో వ్యాధి తిరగబెట్టే లేదా మరణించే ముప్పు 28 శాతం తగ్గింది.

చిలుకూరు బాలాజీ ఆలయంలో కోరిక తీరిన భక్తులు 108 ప్రదక్షిణలు చేస్తారు. ఏడాదికొక్కనాటి ఆ నడక దేహానికి చాలదు. 5 నుండి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల శ్రమ అవసరమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కళాశాల నుండి చేలగట్ల మీదుగా వడివడిగా ఇల్లు చేరే విద్యార్థికి ఆ నిమిషాలూ లెక్కలోకి వస్తాయి.