బదిలీకి తోడొచ్చే గోంగూర

క్వార్టర్లలో పెరిగే మనకు మొక్కలతో ఒక చిక్కు ఉంది. నాటిన మామిడి కాపుకు రాకముందే నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వస్తుంది. కుండీలన్నీ లారీ ఎక్కిస్తే సగం దారిలోనే పగులుతాయి. కాబట్టి మనకు కావలసింది త్వరగా చేతికొచ్చే మొక్క, గింజగా మారి జేబులో పట్టే మొక్క. మేము మొదట గోంగూర పేరే చెబుతాం. పచ్చడి మీద ఇష్టంతో అనుకున్నా ఫర్వాలేదు.

గోంగూర పగటి పొద్దు తగ్గాకే పూస్తుంది. అందుకే తొలకరిలో విత్తితే వానాకాలమంతా ఆకు ఇచ్చి, చలికాలం మొదట్లో పూసి, డిసెంబరు, జనవరి నెలలకు గింజ పండిస్తుంది. బదిలీలు ఎక్కువగా వేసవిలో వస్తాయి కదా! అప్పటికి గింజలు డబ్బాలో సిద్ధంగా ఉంటాయి. కొత్త ఊళ్లో సామాను సర్దుకునేసరికి మళ్లీ వానలు.

అడుగు లోతున్న కుండీ చాలు, అడుగున రంధ్రం ఉండాలి. రెండు పాళ్లు మట్టికి ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలపండి. గింజల్ని రాత్రంతా నానబెట్టి అరంగుళం లోతున వేస్తే వారంలోపు మొలుస్తాయి. ఒక్కో కుండీలో రెండు మూడు మొక్కలే ఉంచండి. సుమారు 40 రోజులకు కొస తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. మొక్కను వేళ్లతో పీకేస్తే ఒక్క పూట పప్పుతో సరి. పిండినల్లి పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి ఆకు అడుగున చల్లాలి. ఆకులో ఇనుము, విటమిన్ సి ఉంటాయి. ఎర్రకాడ రకానికి పులుపెక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం గింజ. ఒక మొక్కను ఆకు కోయకుండా వదిలేయండి. లేత పసుపు పూలు, మధ్యలో ముదురు ఎరుపు చుక్క. కాయ గోధుమరంగుకు తిరిగి ఎండాక, పగలకముందే కోయాలి. నూగు గుచ్చుకుంటుంది, చేతికి గుడ్డ చుట్టుకోండి. గింజల్ని నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి, పైన ఊరు, నెల రాయండి. ఆ పొట్లం మీద ఒకదాని కింద ఒకటి ఊళ్ల పేర్లు పెరుగుతాయి.

గింజలన్నీ ఒకేసారి విత్తకండి. మంచు పడే చోట గోంగూర గింజ పండకముందే మాడిపోవచ్చు. అమ్మమ్మ పెరటి నుంచి తెచ్చిన విత్తనమైతే అక్కడితో ఆ వరుస తెగినట్టే. సగం దాచుకుంటే మరుసటి పోస్టింగు ఉంటుంది. పాత గింజలైతే పదింటిని తడిగుడ్డలో చుట్టి వారం చూడండి. ఏడు మొలిస్తే బాగున్నట్టే, మూడే మొలిస్తే ఒత్తుగా చల్లాలి.

పొట్లం పోయినా దిగులొద్దు. మహారాష్ట్రలో అంబాడి అనీ, కర్ణాటకలో పుండి అనీ, తమిళనాట పుళిచ్చకీరై అనీ, అస్సాంలో టెంగా మొరా అనీ అడగండి. బజారులో ఆకుకూరలమ్మే అవ్వ ఇంట్లో గుప్పెడు గింజలు ఉండే ఉంటాయి.