రైలు అందరిదే, దారి ఎవరిది?

పల్నాడులో 'కాలనీ' అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఎస్సీ కాలనీ. నర్సరావుపేట వైపైనా, మాచర్ల, గురజాల వైపైనా ఊరికి ఓ పక్కన ఉండి, రోడ్డూ కొళాయీ చివరాఖరికి చేరే చోటు. పాలస్తీనాలో ఆ మాటకు అర్థం తిరగబడుతుంది. అక్కడ కాలనీ అంటే ఆక్రమించినవాళ్ల ఊరు. నీళ్లూ రైలూ ముందు చేరేది అక్కడికే. ఆ సేవలు అందించి లాభపడిన బహుళజాతి కంపెనీల్లో కొన్ని మన దేశంలోనూ పని చేస్తున్నాయి. అందుకే ఇది మనకు దూరపు సంగతి కాదంటున్నాం.

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ తూర్పు జెరూసలేంను, వెస్ట్ బ్యాంక్‌ను ఆక్రమించింది. ఆక్రమించిన దేశం తన పౌరులను ఆ నేల మీదికి తరలించకూడదని 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలోని 49వ అధికరణ చెబుతోంది. అక్కడి కాలనీలు చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004లో చెప్పింది. ఆక్రమిత ప్రాంతంలో ఇజ్రాయెల్ కొనసాగడమే చట్టవిరుద్ధమని 2024 జూలైలో తేల్చింది.

అయితే ఇళ్లు కట్టినంత మాత్రాన ఊరు నిలబడదు. నీళ్లు, కరెంటు, బస్సు, చెత్త ఎత్తే బండి ఉంటేనే జనం అక్కడ ఉంటారు. అంటే చట్టవిరుద్ధమైన కాలనీని రోజూ బతికించేవి ఈ సేవలే. కంపెనీల పాత్ర ఇక్కడే మొదలవుతుంది.

జెరూసలేం లైట్ రైలు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. 2011 ఆగస్టులో మొదలైన ఆ లైను పొడవు దాదాపు 14 కిలోమీటర్లు. అది పశ్చిమ జెరూసలేంను తూర్పు జెరూసలేంలోని ఫ్రెంచ్ హిల్, పిస్గాత్ జీవ్ కాలనీలతో కలిపింది. రైళ్లు సరఫరా చేసింది ఫ్రాన్స్‌కు చెందిన ఆల్‌స్టామ్. నడిపే పనిలో ఉన్నది ఫ్రాన్స్‌దే అయిన వియోలియా. వియోలియా అనుబంధ సంస్థ జోర్డాన్ లోయలోని తోవ్లాన్‌లో చెత్త డంపును కూడా నడిపింది.

రైలు అందరిదీ కదా, షుఫాత్ అనే పాలస్తీనీయుల పేటలోనూ ఆగుతుంది కదా, ఇందులో వివక్ష ఏముంది అన్నది వాళ్ల సమర్థన. ఇలాంటి సమర్థన మనం చాలాసార్లు విన్నాం. చవ్‌దార్ చెరువు అందరిదని మహద్ మున్సిపాలిటీ 1924లో తీర్మానించింది. అయినా 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగాల్సి వచ్చింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, రోడ్ల వాడకంలో కుల వివక్ష కూడదని రాజ్యాంగం 15(2) అధికరణలో రాసుకున్నాం. అయినా 1985లో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లను పాడుచేస్తుంటే ప్రశ్నించినందుకు ఊచకోత జరిగింది. ఆరుగురు చనిపోయారు.

కులమూ సైనిక ఆక్రమణా ఒకటేనని మేం అనడం లేదు. వాటి చరిత్రలు వేరు, చట్టాలు వేరు. కానీ రెండు చోట్లా అడగాల్సిన ప్రశ్న ఒకటే. తలుపు తెరిచి ఉందా అని అడిగితే చాలదు. నేల ఎవరిది? దారి ఎవరు గీశారు? ఎవరి కోసం గీశారు? షుఫాత్ ఆ లైనులో మధ్యలో వచ్చే స్టేషన్ మాత్రమే. మొదట్లో ఆ లైను చివరి స్టేషన్ ఉన్నది పిస్గాత్ జీవ్‌లో.

ఈ రెండు కంపెనీల మీద ఫ్రాన్స్‌లో కేసు వేశారు. ఆ అంతర్జాతీయ ఒప్పందాలు దేశాలనే కట్టడి చేస్తాయి తప్ప ప్రైవేటు కంపెనీలను కాదంటూ 2013 మార్చిలో వెర్సాయ్ అప్పీలు కోర్టు కేసు కొట్టేసింది. అసలు లొసుగు ఇదే. తప్పు రాజ్యానిది, లాభం కంపెనీది, బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2020 ఫిబ్రవరిలో ఈ కాలనీలతో ముడిపడిన 112 వ్యాపార సంస్థల జాబితా విడుదల చేసింది. అప్పట్లో అందులో ఆల్‌స్టామ్ పేరు ఉండేది. రవాణా సహా కాలనీలను నిలబెట్టే సేవలు అందించడం ఆ జాబితాలో ఒక ప్రత్యేక కారణం. అయితే అది పేర్లు చెప్పగలదే తప్ప శిక్ష వేయలేదు.

కోర్టు వినని వాదనను ఉద్యమకారులు బ్యాంకుల దగ్గరికి, నగరపాలక సంస్థల టెండర్ల దగ్గరికి తీసుకెళ్లారు. ఏళ్ల తరబడి నిరసనలు సాగాక 2015లో వియోలియా లైట్ రైలులో తన వాటా అమ్ముకుని బయటికొచ్చింది.

ఇక మన సంగతి. అంబేద్కర్ బౌద్ధం స్వీకరించిన నాగ్‌పూర్‌కు 2012 నుంచి నీళ్లు సరఫరా చేస్తున్న సంస్థలో వియోలియా భాగస్వామి. ఆల్‌స్టామ్ ఫ్యాక్టరీ మన శ్రీసిటీలోనే ఉంది. అక్కడ మెట్రో రైళ్లు తయారవుతాయి. అక్కడ పనిచేసే కార్మికులను తప్పుపట్టాలని కాదు. ప్రజల సొమ్ముతో కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ఆ కంపెనీ వేరే చోట ఎవరి నేల మీద ఏం చేసిందో అడిగే హక్కు మనకుంది.

సమాచార హక్కు చట్టం కింద ఒప్పందం కాపీ అడగడంతో విద్యార్థులు ఈ పని మొదలుపెట్టొచ్చు. పల్నాడులో రేపు ఏ నీటి పథకం టెండర్ పిలిచినా రెండు ప్రశ్నలు వేద్దాం. ఈ కంపెనీ ఎక్కడి నుంచి వచ్చింది? ఈ పైపు ఎక్కడిదాకా వెళ్తుంది?