కాశీ వీధుల రుచులు – యాత్రికుని జఠరాగ్ని

కాశీయాత్రకు బయలుదేరే మన తెలుగువారు ఎన్నో రోజుల ముందునుండే సన్నద్ధులవుతారు. మడిబట్టలు, గంగాజలానికి చెంబులు, పితృకార్యాలకు కావలసిన వివరాలు అన్నీ సిద్ధం చేసుకొంటారు. అక్కడికి చేరిన తరువాత ఏ వేళ ఏమి తినాలి, ఏమి త్రాగాలి అన్న విషయం మాత్రం ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. ఆ అజాగ్రత్త ఫలితాన్ని మా నాన్నగారు అనుభవించవలసి వచ్చింది.

2018 మార్గశిర మాసంలో మేమిద్దరం కాశీ చేరాము. నాన్నగారికి అప్పుడు డెబ్బైరెండేళ్ళు. రైలులో రెండు రాత్రులు సరిగా నిద్ర లేదు. దిగిన రోజే ఉదయం పదకొండు గంటలకు విశ్వనాథాలయం దగ్గరి సందులలో కచోరీలు, జిలేబీలు తిన్నాము. ఆ వెంటనే మీగడ వేసిన లస్సీ త్రాగాము. సాయంత్రం ఆకలి లేకపోయినా, ఊరు చూడవచ్చి తినకపోతే ఎట్లా అని నేనే బలవంతపెట్టి ఆయనకు చాట్ తినిపించాను. అర్ధరాత్రి విరేచనాలు మొదలయ్యాయి. తెల్లవారేసరికి నాలుక ఎండిపోయింది, మూత్రం ఆగిపోయింది, మాట తడబడసాగింది. ఆసుపత్రికి తీసుకొనిపోయి సెలైను ఎక్కించిన తరువాతగాని ఆయన కోలుకోలేదు.

ఆ ఊరి తిండే అంత అని నేను విసుక్కొంటే, మేము బసచేసిన సత్రంలోని వంటమనిషి నవ్వి, "మేమూ ఆ కచోరీలే తింటాము బాబూ. అయితే ఉదయం ఏడు గంటలకు, బాణలిలోనుండి తీయగానే, రెండే రెండు" అన్నాడు. ఆ మాటలో ఒక శాస్త్రమే ఉన్నదని తరువాత గ్రహించాను.

చరకసంహిత విమానస్థానంలో ఆహారం హితమో అహితమో నిర్ణయించే ఎనిమిది అంశాలు చెప్పబడ్డాయి. పదార్థ స్వభావం, వండిన విధం, వేరొకదానితో కలయిక, పరిమాణం, దేశం, కాలం, తినే నియమం, తినే వ్యక్తి. మేము రుచిని మాత్రమే చూసి, వీటినన్నిటినీ విడిచిపెట్టాము. విరేచనాలకు మూలం కలుషితమైన నీటిలో, ఆహారంలో ఉండే సూక్ష్మజీవులని నేటి వైద్యం చెబుతుంది. నిద్రలేమి, ప్రయాణపు బడలిక జఠరాగ్నిని మందగింపజేస్తాయని ఆయుర్వేదం చెబుతుంది. ఈ రెండు మాటలనూ గుర్తుంచుకొన్న యాత్రికుడు కాశీ రుచులను నిర్భయంగా ఆస్వాదించవచ్చు.

చేరిన రోజు

మొదటి రోజు వీధి తిండి వద్దు. పాండే హవేలీ, మానససరోవర్ ఘాట్ ప్రాంతాలలో తెలుగువారి ఆశ్రమాలున్నాయి. అటువంటిచోట వేడి అన్నం, పప్పు, చారుతో మితంగా భుజించాలి. భోజనానికి ముందు చిన్న అల్లం ముక్కను సైంధవ లవణంతో నమిలితే ఆకలి పుడుతుంది. రక్తపోటు ఉన్నవారు ఉప్పు మానుకోవాలి.

ఉదయం

కాశీవాసుల ఫలహారం కచోరీ, కూర, జిలేబీ. మినపపిండి ముద్ద పెట్టి నూనెలో వేయించిన కచోరీ గురుపదార్థం. కాబట్టి ఆకలి వేసినప్పుడు, కళ్ళ ఎదుట వేయించినదానినే తినాలి. పళ్ళెంలో పోగుచేసి ఉంచినదానిని ముట్టరాదు. ఆ రోజు మధ్యాహ్న భోజనం సగానికి తగ్గించాలి.

శీతకాలపు ఉదయాలలో మాత్రమే దొరికేది 'మలయ్యో'. కాచిన పాలను రాత్రి మంచులో ఆరుబయట ఉంచి, తెల్లవారుజామున చిలికి, ఆ నురుగులో కుంకుమపువ్వు, ఏలకులు చేర్చి మట్టి ముంతలలో ఇస్తారు. నోట పెట్టగానే కరిగిపోతుంది. ఉబ్బసం, జలుబు ఉన్నవారికి ఇది తగదు. మధుమేహులు చెంచాడు రుచితో సరిపెట్టుకోవాలి.

మధ్యాహ్నం, సాయంత్రం

లస్సీ త్రాగదలచినవారు మధ్యాహ్నమే త్రాగడం మేలు. రాత్రివేళ పెరుగు వద్దని ఆయుర్వేదం నిషేధించింది. మంచుగడ్డ వేయవద్దని ముందుగానే చెప్పాలి, ఎందుకంటే ఆ గడ్డ ఏ నీటితో చేశారో మనకు తెలియదు. వేసవిలో వెళ్ళేవారికి పచ్చిమామిడికాయను ఉడికించి చేసే పానకం, వేయించిన శనగపిండితో చేసే సత్తు పానీయం ఎండదెబ్బనుండి కాపాడతాయి. వాటినికూడా మంచినీటితో ఎదురుగా కలిపించుకోవాలి.

సాయంత్రం గోదౌలియా ప్రాంతంలో దొరికే టమాటా చాట్‌ను పెనం మీద ఉడికించి వేడిగా ఇస్తారు. చాట్‌లలో యాత్రికునికి అదే నయం. బాదం, సోంపు, మిరియాలు, గులాబీరేకులతో చేసే తండాయీలో కొన్ని అంగళ్ళలో భంగు కలుపుతారు. "భంగు లేకుండా" అని స్పష్టంగా అడిగి తీసుకోవాలి. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి భంగు ప్రమాదకరం.

బనారసీ తాంబూలానికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. భోజనానంతర తాంబూలాన్ని మన పూర్వులు మెచ్చుకొన్నారు. అయితే పొగాకేకాక వక్కకూడా నోటి క్యాన్సరుకు కారణమని నేడు నిర్ధారణ అయినది. తమలపాకు, సోంపు, ఏలకులతో చుట్టించుకొంటే చాలును.

నీరు

గంగాజలం పూజ్యం. తీర్థాన్ని శిరస్సున చల్లుకొందాము. త్రాగడానికి మాత్రం కాచి చల్లార్చిన నీరే ఉండాలి. సత్రంలో అడిగి కాచిన నీటిని సీసాలో నింపుకొని బయలుదేరడం ఉత్తమం.

విరేచనాలైతే

ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (టీ చెంచాతో, తలకొట్టి) కలిపి కొద్దికొద్దిగా త్రాగించాలి. మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఇంకా మంచిది. తరువాత శొంఠి వేసిన పలుచని బియ్యపు జావ ఇవ్వాలి. మలంలో రక్తం, జ్వరం, మూత్రం తగ్గడం, మగత – వీటిలో ఏది కనిపించినా చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని వద్దకు వెళ్ళాలి. ఆ రాత్రి నేను వాము నమిలించి, తెల్లవారేవరకు ఆగాను. ఆ ఆలస్యమే మమ్మల్ని ఆసుపత్రి పాలుచేసింది.

కాశీకి వెళ్ళినవారు ఒక కాయనో, పండునో వదలి రావడం మన ఆచారం. తేరుకొన్న తరువాత నాన్నగారు జామపండు వదిలారు. "నీవు కాకరకాయ వదలితే ఒప్పుకోను, నీకది ఎలాగూ ఇష్టం లేదు" అని నాతో నవ్వుతూ అన్నారు. నేను మామిడిపండు వదిలాను. దానితోపాటు, ఆకలి లేనివారిని బలవంతపెట్టి తినిపించే అలవాటునుకూడా గంగలో వదలి వచ్చాను.