ఇంట్లో ఉప్పుటేరు

కొల్లేటి నుంచి సముద్రానికి పోయే ఏటిని ఉప్పుటేరు అంటారు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు అందులోకి ఎగదన్నుకు వస్తుంది. పాటు వేళ మంచినీరు కిందికి దిగుతుంది. కోరంగి మడ అడవుల్లోని కాలువలూ, పులికాట్ సరస్సూ ఇటువంటివే. వాటి నీరు చప్పగానూ ఉండదు, సముద్రమంత ఉప్పగానూ ఉండదు. అలాంటి నీటిని ఒక గాజుతొట్టెలో నిలిపి చేపలను పెంచడం ఎలాగో చూద్దాం.

ముందు ఒక ప్రశ్న. చెరువు చేపను సముద్రంలో వేస్తే ఎందుకు చచ్చిపోతుంది? మాగాయకని మామిడి ముక్కలకు ఉప్పు కలిపి ఉంచితే మర్నాటికి ఊట దిగుతుంది గదా! ముక్కల్లోని నీటిని బయటి ఉప్పు లాగేసిందన్నమాట. దీన్నే ద్రవాభిసరణం అంటారు. చేప రక్తంలో ఉండే ఉప్పు, సముద్రపు నీటి ఉప్పులో సుమారు మూడో వంతు మాత్రమే. అందుచేత సముద్రంలో చేప ఒంట్లోని నీరు బయటికి పోతూ ఉంటుంది. సముద్రపు చేప ఆ నీరే తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా బయటికి నెట్టి బతుకుతుంది. మంచినీటి చేపది దీనికి తలకిందుల వ్యవహారం. నీరు ఒంట్లోకి చొరబడుతూనే ఉంటుంది, మూత్రపిండాలు దాన్ని తోడిపోస్తూనే ఉంటాయి. ఉప్పుటేటి చేపలకు రెండు విద్యలూ వచ్చు. కాని ఒకదాని నుంచి రెండోదానికి మారడానికి వాటికి వ్యవధి కావాలి.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టె చాలు. ఇసుక పోను సుమారు 45 లీటర్లు పడుతుంది. నీటి బరువే 45 కిలోలు! ఊగులాడే బల్ల మీద పెట్టకండి. కడిగిన ఇసుకలో కాసిని నలగ్గొట్టిన ఆల్చిప్పలు కలిపితే, వాటిలోని కాల్షియం కార్బొనేట్ నీటిని ఆమ్లంగా మారనివ్వదు. గాలిపంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు ఒకటి అమర్చండి. కుళాయి నీరైతే ఒక రోజంతా బకెట్లో తెరిచి ఉంచి పోయండి, క్లోరిన్ పోతుంది.

ఇక ఉప్పు లెక్క. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మనకు అందులో ఐదో వంతు, అంటే 7 గ్రాములు చాలు. 45 లీటర్లకు 315 గ్రాములు. వంటింటి ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రంలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా ఉంటాయి. కాబట్టి అక్వేరియం దుకాణంలో ‘మెరీన్ సాల్ట్’ అని అమ్మే మిశ్రమమే కొనండి.

ఆ 315 గ్రాములూ ఒకేసారి కుమ్మరించకండి. మొదట 90 గ్రాములే కలిపి, ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు చేపల మేత వేయండి. చేపలు లేకుండా మేత ఎందుకంటారా? అది కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. అమ్మోనియా చేపలకు విషం. దాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్పాంజిలో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పరీక్ష చుక్కలు వేసి చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా కావాలి. అప్పుడే చేపలు.

మొదటిసారికి నాలుగు మోలీలు తెచ్చుకోండి. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలకు చెందిన ఈ చిన్న చేపలు మంచినీటిలోనూ, ఉప్పు కలిసిన నీటిలోనూ బతుకుతాయి, గుడ్లు కాక పిల్లల్నే కంటాయి. పండుగప్ప పిల్ల దొరికిందని సంబరపడి వేయకండి. అది మీటరు దాటి పెరిగే చేప, మోలీలు దానికి ఒక పూట మేత! చేపలు వచ్చాక వారానికి 75 గ్రాముల చొప్పున మూడు వారాలు ఉప్పు పెంచండి. తొట్టె నీటినే కొంచెం బకెట్లోకి తీసి, ఉప్పు అందులో పూర్తిగా కరిగించి, మెల్లగా పోయాలి.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. వేసవిలో తొట్టెలో రోజుకు అర లీటరు నీరు ఇగిరిపోయేది. ఉప్పునీరు తగ్గింది గనుక ఉప్పునీరే పోస్తూ వచ్చాను. తగ్గింది నీరే, ఉప్పు కాదు! రోజుకు మూడున్నర గ్రాముల చొప్పున 90 రోజుల్లో 315 గ్రాములు చేరి, ఉప్పు రెట్టింపయింది. మొక్కలన్నీ కుళ్లాయి, ఆ కుళ్లుకు రెండు చేపలు పోయాయి. ఉప్పు మడుల్లో ఉప్పు పండేది ఈ సూత్రం మీదే. ఎండాకాలంలో పులికాట్‌లో కొన్నిచోట్ల నీరు సముద్రం కన్నా ఉప్పగా మారేదీ ఇందుకే.

మీరు మాత్రం నీటిమట్టం దగ్గర గాజు మీద రంగుతో ఒక గీత గీయండి. నీరు గీత దిగితే మంచినీరే పోయండి. వారానికోసారి మురికి పోవడానికి ఐదారు లీటర్లు తోడేస్తారే, అప్పుడు మాత్రం లీటరుకు 7 గ్రాముల ఉప్పు కలిపిన నీరు పోయాలి. తోడిన నీటితో పాటు అందులోని ఉప్పు కూడా బయటికి పోయింది గదా!