పనివారిని లెక్కించుట ఎట్లు?

2020 మే 1వ తేదీన, కరోనా వ్యాధి మూలమున దేశమంతట రాకపోకలు నిలిచిపోయి ఉన్న దినములలో, హైదరాబాదు చెంతనున్న లింగంపల్లి స్టేషను నుండి ఒక ప్రత్యేక రైలు బయలుదేరి జార్ఖండులోని హటియాకు వెళ్ళినది. పనులు నిలిచిపోయి స్వగ్రామములకు మరలిపోవు కూలీలు సుమారు 1,200 మంది అందులో ఉండిరి. వారము తిరిగిన తరువాత, మే 8వ తేదీన, అదే స్టేషనుకు బీహారులోని ఖగడియా నుండి మరియొక రైలు వచ్చినది. అందులో వచ్చినవారు రెండువందలకు పైబడిన హమాలీలు. అది యాసంగి వడ్లు మిల్లులకు చేరు సమయము. బస్తాలను దించుటకు, మోయుటకు, ఎత్తుటకు మిల్లులలో చాలినంత మంది లేరు. అందుచే వారిని రప్పించి, రైసు మిల్లులు గల ఊళ్ళకు పంపిరి. ఆ ఊళ్ళలో కరీంనగరు, పెద్దపల్లి, మంచిర్యాలలతో పాటు సుల్తానాబాదు కూడ ఒకటి.

సుల్తానాబాదు కరీంనగరు నుండి పెద్దపల్లి మీదుగా రామగుండము పోవు మార్గమున ఉన్నది. 2016 అక్టోబరు వరకు కరీంనగరు జిల్లాలోను, తరువాత పెద్దపల్లి జిల్లాలోను చేరినది. కరీంనగరు, ఆదిలాబాదు, నిజామాబాదు ప్రాంతముల నుండి యువకులు కొన్ని దశాబ్దములుగా దుబాయి, మస్కటు, సౌదీ అరేబియాలకు కూలికై పోవుచునే ఉన్నారు. బొంబాయికి, భివండికి పోయినవారును అనేకులు. ఒకవైపు పని వెదకుకొనుచు ఊరివారు వెలుపలికి పోవుచున్నారు. మరియొకవైపు పనివారు చాలక వెలుపలివారిని రప్పించుచున్నారు. మరి ఈ ప్రాంతమున ఉన్నది నిరుద్యోగమా, లేక పనివారి కొరతయా?

రెండును ఉన్నవి. అవి ఒకే చోట ఎట్లు ఉండగలవో తెలిసికొనవలెనన్న, ముందుగా పనివారిని లెక్కించు పద్ధతిని తెలిసికొనవలెను.

నిరుద్యోగి ఎవరు?

వాడుకలో పని లేనివానిని నిరుద్యోగి అందురు. గణాంక శాస్త్రమున ఆ మాటకు అర్థము ఇంతకంటె ఇరుకైనది. పని లేకుండుట మాత్రమే చాలదు. పనికి సిద్ధముగా ఉండవలెను, పనిని వెదకుచు కూడ ఉండవలెను. పనిలో ఉన్నవారిని, ఇట్టి నిరుద్యోగులను కలిపి శ్రామిక శక్తి అందురు. ఈ మొత్తములో నిరుద్యోగులు నూటికి ఎందరో అదియే నిరుద్యోగ రేటు. చదువుకొను పిల్లలు, వృద్ధులు, ఇంటిపని మాత్రము చేయు స్త్రీలు ఈ శ్రామిక శక్తిలోనికి రారు.

ఒక చిన్న ఉదాహరణము చూతము. ఒక వాడలో 60 మంది పెద్దవారు ఉన్నారనుకొందము. వారిలో 36 మంది పని చేయుచున్నారు. నలుగురు పని వెదకుచున్నారు. తక్కిన 20 మంది శ్రామిక శక్తిలో లేరు. శ్రామిక శక్తి 40 కాగా నిరుద్యోగ రేటు నూటికి 10. మరుసటి సంవత్సరము ఆ నలుగురిలో ముగ్గురు తిరిగి తిరిగి విసిగి, వెదకుట మానుకొనిరి. ఇప్పుడు శ్రామిక శక్తి 37, నిరుద్యోగి ఒక్కడు. రేటు నూటికి 2.7కు దిగినది. ఒక్కనికైనను క్రొత్తగా పని దొరకలేదు; అయినను నిరుద్యోగము మాత్రము తగ్గినది!

పని చేయుటకు గల నిర్వచనము కూడ ఫలితమును మార్చును. భారత ప్రభుత్వము 2017లో ప్రారంభించిన ఆవర్తక శ్రామిక శక్తి సర్వేలో రెండు కొలతలు కలవు. మొదటి దానిలో గడచిన 365 దినములలో ఆ మనిషి సాధారణ స్థితి ఏమో చూతురు. రెండవ దానిలో గడచిన ఏడు దినములను మాత్రమే చూతురు. ఆ వారములో ఏ ఒక్క దినమున ఒక్క గంట పని చేసినను, అతడు పనిలో ఉన్నట్లే. 2023-24లో 15 సంవత్సరములు నిండినవారిలో నిరుద్యోగ రేటు మొదటి కొలతనుబట్టి 3.2 శాతము, రెండవ దానినిబట్టి 4.9 శాతము. దేశమొక్కటే, సంవత్సరమొక్కటే, కొలతలు వేరు.

నూటికి మూడు అనిన చాల స్వల్పమైన నిరుద్యోగము. అనేక సంపన్న దేశములలో ఇంతకంటె ఎక్కువ ఉండును. దీనినిబట్టి మన దేశమున పనికి లోటు లేదని తలచుట పొరపాటు. నిరుద్యోగ భృతి లేని చోట, నిల్వ ధనము లేని ఇంట, పని లేకుండ ఊరక కూర్చుండుట ఎవరికిని సాధ్యము కాదు. దొరికిన పని ఏదైనను, దాని కూలి ఎంతయైనను చేయవలసినదే. కావున పేద దేశములలో పనిలేమి నిరుద్యోగులలో కనబడదు. పని చేయువారిలోనే దాగి ఉండును.

పొలములో దాగిన పనిలేమి

రెండెకరముల పొలము గల ఒక కుటుంబమున నలుగురు పెద్దవారు ఉన్నారనుకొందము. ఆ పొలమునకు సంవత్సరమునకు 300 పనిదినములు చాలును. నలుగురును పొలమునకే పోవుదురు. ఒక్కొక్కరికి 75 దినముల పని దొరకును. వారిలో ఇద్దరు గల్ఫునకు పోయినను పంట తగ్గదు. మిగిలిన ఇద్దరు 150 దినముల చొప్పున పని చేయుదురు. అనగా నలుగురును పనివారుగా కనబడినను, ఇద్దరి శ్రమ ఆ పొలమునకు అవసరము లేదు. దీనినే ప్రచ్ఛన్న నిరుద్యోగము అందురు. వెస్టిండీసులో పుట్టిన ఆర్థికవేత్త ఆర్థరు లూయిస్ 1954లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున, వ్యవసాయములో ఇట్లు మిగిలియున్న శ్రమ క్రమముగా పరిశ్రమలలోనికి చేరి దేశాభివృద్ధికి ఆధారమగునని వివరించెను. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది.

జనాభా లెక్కలు ఈ సంగతిని కొంతవరకు పట్టి చూపును. 1981 నుండి సంవత్సరములో 183 దినములు, అనగా ఆరు మాసములు పని చేసినవారిని ప్రధాన కార్మికులనియు, అంతకు తక్కువ చేసినవారిని ఉపాంత కార్మికులనియు విభజించుచున్నారు. 2011లో దేశమున పనివారు 48.17 కోట్లు. వీరిలో 11.93 కోట్ల మంది, అనగా నలుగురిలో ఒకరు, ఉపాంత కార్మికులే. మరియొక విశేషము: 2001లో సేద్యగాండ్రు 12.73 కోట్లు, వ్యవసాయ కూలీలు 10.68 కోట్లు ఉండగా, 2011 నాటికి సేద్యగాండ్రు 11.88 కోట్లకు తగ్గి, కూలీలు 14.43 కోట్లకు పెరిగిరి. నేలను నమ్ముకొన్నవారిలో సొంత పొలము దున్నువారికంటె కూలికి పోవువారే అధికులైరి.

వరి పండు ప్రాంతమున పని కాలమునుబట్టి ఉబికి, కాలమునుబట్టి ఇంకును. నాట్లప్పుడు, కలుపు తీయునప్పుడు ఎందరున్నను చాలరు. తరువాత వారములకొలది చేతినిండ పని ఉండదు. శ్రీరాంసాగరు నుండి వచ్చు కాకతీయ కాలువ వలన సుల్తానాబాదు ప్రాంతమున రెండవ పంట విస్తరించినది. కాని కొడవలి చేసిన కోతను హార్వెస్టరు యంత్రము చేపట్టినది. ఊరంతకు అనేక దినములు కూలి పెట్టిన కోత గంటలలో ముగియుచున్నది. గ్రామీణులకు 100 దినముల పని కల్పించుటకై 2005లో చేసిన ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరిలో అమలునకు రాగా, మొదటి విడతలోనే కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు చేరినవి.

వెలుపలివారు ఏల వచ్చుచున్నారు?

ఊరిలో పని చాలనప్పుడు మిల్లులలోను ఇటుక బట్టీలలోను ఆ ఊరివారే ఏల చేరరు? వారు సోమరులైరని కొందరు తేలికగా చెప్పుదురు. కారణము పని యొక్క స్వభావములోనే ఉన్నది.

ఇటుక బట్టీలను చూడుడు. సుల్తానాబాదు, పెద్దపల్లి ప్రాంతపు బట్టీలకు ఒడిశాలోని బలంగీరు, నువాపడ జిల్లాల నుండి కుటుంబములు వచ్చును. వర్షము పడిన పచ్చి ఇటుక కరగిపోవును గనుక బట్టీ పని వానలు వెనుకపట్టిన తరువాత మొదలై వేసవి చివర ముగియును. పశ్చిమ ఒడిశాలో అనేక పొలములు వానమీదనే ఆధారపడి ఉండును. పంట ఇంటికి వచ్చిన తరువాత అక్కడ పని ఉండని మాసములు సరిగా ఇవియే. ఒక చోటి పనిలేని కాలము, మరియొక చోటి పని కాలము తాళము, చెవివలె కుదిరినవి.

ఈ కుదురుబాటులో ఒక ముడి కలదు. పని లేని సమయమున మధ్యవర్తి కుటుంబమునకు ముందుగా కొంత రొక్కము ఇచ్చును. అది తీరువరకు బట్టీని విడిచి పోవుటకు వీలుండదు. వేయి ఇటుకలకింత అని గుత్త కూలి. భర్త మట్టి కలుపును, భార్య అచ్చు వేయును, పిల్లలు ఎండిన ఇటుకలు తిరగవేయుదురు. లెక్క మాత్రము ఒక్క పేరున వ్రాయబడును. ముగ్గురి శ్రమ ఒకరి కూలిగా కనబడును. ఊరిలో ఇల్లు, బడి, చౌకధరల దుకాణము గలవారు బట్టీ ప్రక్కన ఇటుకలు పేర్చిన గదిలో ఆరు మాసములు ఉండి ఈ పనికి పూనుకొనరు. ఇల్లు విడిచి, అప్పునకు కట్టుబడి వచ్చినవారు కాదనలేరు. సుల్తానాబాదు యువకుడు వీసాకై అప్పు చేసి గల్ఫునకు పోయినప్పుడు అతని స్థితియు ఇటువంటిదే: అప్పు తీరువరకు తిరిగి రాలేడు. ఇద్దరి మధ్య భేదము కూలి మొత్తములోనిదే గాని, కట్టుబాటులోనిది కాదు.

గనులలో ఉత్పత్తి పెరిగినది, పనివారు తగ్గిరి

మిగులు శ్రమను పరిశ్రమలు చేర్చుకొనునని లూయిస్ ఆశించెను. ఉత్తర తెలంగాణమున అట్టి పరిశ్రమలు లేకపోలేదు. సుల్తానాబాదుకు ఉత్తరమున గోదావరిఖనిలో సింగరేణి బొగ్గుబావులు, రామగుండములో 1983 నుండి విద్యుత్తు నిచ్చుచున్న జాతీయ తాప విద్యుత్ కేంద్రము ఉన్నవి. అచటి ఎరువుల కర్మాగారము 1999లో మూతపడి, క్రొత్త కంపెనీ క్రింద 2021లో తిరిగి ఉత్పత్తి ప్రారంభించినది.

వీనిలో సింగరేణి కథ గమనింపదగినది. 1990 ప్రాంతమున సింగరేణి సంస్థలో లక్షకు పైగా ఉద్యోగులు ఉండిరి. ఏటి ఉత్పత్తి 2 కోట్ల టన్నులకు లోపల ఉండెను. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు. ఉద్యోగులు దాదాపు 40 వేలు. భూగర్భమున తట్ట, చెమ్మాసు పట్టిన చేతుల స్థానమున, ఉపరితల గనులలో పెద్ద యంత్రములు వచ్చినవి. ఓవరుబర్డెను మట్టి తీయుట మొదలగు పనులు కంట్రాక్టర్లకు పోయినవి. పరిశ్రమ ఎదిగినంత మాత్రమున ఉద్యోగములు పెరుగునను నియమము లేదు.

సెలవు, భవిష్యనిధి, వైద్యము గల నెలజీతపు పని ఎంత అరుదో ఇందువలన తెలియును. 2023-24 సర్వే ప్రకారము దేశమున పనివారిలో నెలజీతము గలవారు 21.7 శాతము, దినకూలీలు 19.8 శాతము, తక్కిన 58.4 శాతము స్వయం ఉపాధి గలవారు. స్వయం ఉపాధి అను పేరు గంభీరముగా ఉన్నను, తోపుడు బండి నడుపువారును, జీతము లేక కుటుంబపు పొలములో చేయు స్త్రీలును అందులోనివారే.

చాటలోని పని

కరీంనగరు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములలో వేలాది స్త్రీలు ఇంట కూర్చుండి బీడీలు చుట్టుదురు. అడవులలో వేసవిని కోసిన తునికాకును నానబెట్టి, కత్తిరించి, ఒడిలోని చాటలో తంబాకు పోసికొని, చుట్టి దారము కట్టుదురు. కూలి వేయి బీడీలకింత. వంట, పిల్లలు, నీళ్ళు అన్నింటి నడుమ ఈ పని సాగును గనుక, లెక్క వ్రాయువాడు “ఏమి చేయుదువమ్మా?” అని అడిగినచో, “ఇంటికాడనే ఉంట సారూ” అను సమాధానమే తరచు వచ్చును. ఆ ఒక్క మాటతో ఆమె శ్రామిక శక్తిలో నుండి తొలగిపోవును.

ఇది కాగితముపై జరిగిన చిన్న పొరపాటు కాదు. 1966లో బీడీ కార్మికుల చట్టము, 1976లో వారి సంక్షేమ నిధి చట్టము వచ్చినవి. తెలంగాణ ప్రభుత్వము 2015లో బీడీ కార్మికులకు పింఛను ప్రారంభించినది. ఇట్టి సదుపాయములు పొందుటకు ముందుగా తాను కార్మికురాలనని ఋజువు ఉండవలెను. భవిష్యనిధి ఖాతాయో, గుర్తింపు కార్డో లేనిచో, ఇరువది ఏండ్లు చుట్టిన చేతులు కూడ ఋజువు కాజాలవు.

ఏమి అడుగవలెను?

ఈ చిక్కును మన గణాంకవేత్తలు ఎప్పుడో గుర్తించిరి. నిరుద్యోగపు లెక్కలను పరిశీలించుటకై నియమింపబడిన దంత్‌వాలా సంఘము 1970లో నివేదిక ఇచ్చుచు, మనవంటి దేశమునకు నిరుద్యోగమును ఒకే సంఖ్యలో ఇముడ్చుట తగదనియు, ప్రాంతము, స్త్రీ పురుష భేదము, వయస్సు, పని స్వభావము మొదలగువానినిబట్టి విడదీసి చూపవలెననియు చెప్పినది. 1972-73 నాటి జాతీయ నమూనా సర్వే నుండి ఆ మార్గమే అనుసరింపబడుచున్నది. అయినను పత్రికల శీర్షికలకు ఎక్కునది నేటికిని ఆ ఒక్క సంఖ్యయే.

ఉన్నత పాఠశాల విద్యార్థులు ఉపాధ్యాయుల సాయమున ఈ సంగతిని స్వయముగా పరీక్షింపవచ్చును. ఒక వాడలోని ఇరువది ఇండ్లను ఎన్నుకొని, “ఉద్యోగమున్నదా?” అని గాక నాలుగు ప్రశ్నలు అడుగవలెను. నిన్న ఉదయము నుండి రాత్రివరకు ఏమేమి పనులు చేసిరి? గడచిన సంవత్సరమున ఏ మాసములలో పని ఉన్నది, ఏ మాసములలో లేదు? కూలి దినమునకా, నెలకా, గుత్తకా. ముందుగా అప్పు తీసికొనిరా? కుటుంబమున ఎవరెవరి శ్రమ ఎవరి పేరున చెల్లినది? ఇంటివారి పేర్లు వ్రాయనవసరము లేదు. జవాబులను పట్టికగా వేసి, మొదట “ఉద్యోగమున్నదా?” అను ప్రశ్నకు వచ్చు జవాబుతో పోల్చి చూడవలెను. రెండు పట్టికలకు గల తేడాయే ఆ వాడలో దాగిన పనియు, దాగిన పనిలేమియు.

వైద్యుడు జ్వరమును కొలిచి ఊరకుండడు. ఏ రోగము వలన వచ్చినదో విచారించును. నూటికి మూడు అను సంఖ్యను చూచి పని చాలినంత ఉన్నదని తలచినచో, బట్టీలోని పిల్లవానికి బడి కట్టుట, చాట ముందరి స్త్రీకి గుర్తింపు నిచ్చుట, కోత యంత్రము వచ్చిన తరువాత కూలికి మరియొక పని చూపుట ఇవి ఏవియు ప్రణాళికలలోనికి రావు. లెక్కలో లేనివారికి పథకములోను చోటుండదు.