పాత గృహ కంప్యూటర్లకు కొత్త తెరలు

1984లో అమెరికాలో ఆపిల్ కంపెనీవారు 'ఆపిల్ టూ సీ' అను చిన్న గృహ కంప్యూటరును విడుదల చేసిరి. దానికి తగిలించుటకు ఒక పలుచని తెరను గూడ తయారుచేయించిరి. అందు అడ్డముగా 560, నిలువుగా 192 బిందువులు కలవు. 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు పట్టును. బరువైన గాజు గొట్టము లేకుండ ఇన్ని అక్షరములను చూపుట ఆనాటికి విశేషమే. కాని దీపమును అటునిటు జరిపి, తెరను వంచి చూచినగాని అక్షరములు స్పష్టముగా కనబడెడివి కావు. లోపము ఎక్కడ నున్నది?

ఈ తెరలో రెండు గాజు పలకల నడుమ ద్రవస్ఫటికము అను పదార్థము పలుచగా నుండును. పలకల కిరువైపుల ధ్రువక పొరలు అతికింపబడి యుండును. ద్రవస్ఫటికపు అణువులు మెలిదిరిగిన మెట్లవలె అమరి, తమగుండ పోవు కాంతి కంపనదిశను త్రిప్పును. విద్యుత్తు ప్రయోగించినచో ఆ మెలి విడిపోవును. కాంతి రెండవ పొరను దాటలేదు. అచ్చట నల్లని చుక్క ఏర్పడును. తెరకు సొంత వెలుగు లేదు. గదిలోని వెలుగే దానికి ఆధారము.

ప్రతి చుక్కకు వేరొక తీగ వేయుట అసాధ్యము. కావున అడ్డుతీగలు, నిలువుతీగలు పరచి, వరుస తరువాత వరుసకు విద్యుత్తు నిత్తురు. ఇందు ఒక చిక్కు కలదు. వెలుగవలసిన చుక్కలకు గూడ తీగల ద్వారా కొంత విద్యుత్తు చేరును. నల్లబడవలసిన చుక్కకును, దీనికిని గల వోల్టేజి భేదము వరుసలు పెరిగినకొలది తగ్గును. 1974లో ఆల్ట్, ప్లెష్కో అనువారు దీనిని లెక్కకట్టిరి. ఆ లెక్క ప్రకారము 16 వరుసలకు భేదము 29 శాతము. 100 వరుసలకు 11 శాతము లోపే. అందుచేతనే నలుపు బూడిదరంగుగా మారుచున్నది.

పాత తెరను బాగుచేయుటకు కొన్ని మార్గములు కలవు. ధ్రువక పొర చెడి మసకబారినచో దానిని ఒలిచి, కొత్తపొరను సరియైన కోణములో అతికింపవచ్చును. వెనుక నున్న ప్రతిఫలక పొరను తీసి దీపమును అమర్పవచ్చును. కాని దీపము వెలుగును మాత్రమే పెంచును. నలుపు తెలుపుల భేదమును పెంచజాలదు. ఆ భేదము తీగల అమరికలోనే నిర్ణయమైనది.

నేటి తెరలలో ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క ట్రాన్సిస్టరు కలదు. తన వంతు మరల వచ్చువరకు అది విద్యుదావేశమును నిలిపియుంచును. కావున వరుసలు వేయియైనను నలుపు నలుపుగానే యుండును. అయితే పాత యంత్రపు భాష కొత్త తెరకు తెలియదు. ఆపిల్ టూ సీ గడియారము సెకనుకు సుమారు 1 కోటి 43 లక్షల మార్లు స్పందించును. స్పందనకు ఒక చుక్క చొప్పున బయటకు వచ్చును. నడుమ నొక చిన్న వలయము ఈ చుక్కలను జ్ఞాపకములో నింపి, కొత్త తెరకు దాని క్రమములో అందించవలెను. అక్షరములు పొట్టిగా అణగిపోకుండుటకు ప్రతి వరుసను రెండుమార్లు చూపుదురు.

ఈ వలయమును యంత్రము వెనుకనున్న సంధానమునకే తగిలించినచో పాత భాగములను కోయనక్కరలేదు. తీసివేసిన తెరను భద్రపరచుట మంచిది. అట్టిది మరల తయారగుట లేదు.

ఈ సూత్రమును పాఠశాలలోనే చూడవచ్చును. ధ్రువక కళ్లద్దమును సామాన్యపు లెక్కల యంత్రపు తెరపై నుంచి మెల్లగా త్రిప్పినచో, ఒక స్థితిలో తెర యంతయు చీకటియగును. అంకెలు చెరిగిపోలేదు, కాంతికి దారి మాత్రము మూసుకొన్నది.